సిక్కోలు (శ్రీకాకుళం), విజయనగరం వాదనలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పండక్కి ఊరొచ్చిన నలుగురు అరుగు మీద చేరితే మా రెండు జిల్లాల్లో మొదలయ్యే వాదనలు దాదాపు అవే. బొబ్బిలి గొప్పా, విజయనగరం గొప్పా? కళింగం ఎవరిది? అరసవల్లి కిరణాలు మహిమా, లెక్కా? ఇప్పుడవి ఫోన్లోకి ఎక్కాయి కాబట్టి పండగ దాకా ఆగక్కర్లేదు, రోజూ జరుగుతున్నాయి. మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకు జవాబులు ఒకచోట రాసి పెట్టాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: నిజంగా మనకున్నదాని గురించి ఎవరూ నోరెత్తరు, లేనిదాని కోసం మాత్రం పంతాలకు పోతారు. ఆ విసుగు కింద అక్కడక్కడా కనిపిస్తుంది, సర్దుకోండి.

కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాయాలని సంకల్పించింది మన శ్రీకాకుళంలోనే కదా?

కాదు. ఆ శ్రీకాకుళం కృష్ణా జిల్లాలో, ఘంటసాల దగ్గర ఉంది. శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు గుడి అక్కడిదే. కళింగ దండయాత్రకు పోతూ విజయవాడ మీదుగా ఆ ఊరొచ్చి, ఏకాదశి ఉపవాసం ఉంటే ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి కావ్యం చెప్పమన్నాడని రాయలే కావ్యం మొదట్లో రాసుకున్నాడు. శాతవాహనుల తొలి రాజధాని అని కొందరు చెప్పేదీ ఆ ఊరినే. నాగావళి ఒడ్డున ఉన్న మన శ్రీకాకుళానికి ఈ రెండింటితోనూ సంబంధం లేదు.

అంతమాత్రాన రాయలు మన వైపు రాలేదని కాదు. సింహాచలంలో ఆయన 1516 నాటి శాసనం ఉంది. జయస్తంభం నాటించిన పొట్నూరు విజయనగరానికి కూతవేటు దూరం. ఆ ఊరి పేరు కావ్యంలోనే వస్తుంది. పొట్నూరు గురించి పోస్టు పెట్టినవాణ్ణి మాత్రం నేనింతవరకు చూడలేదు.

మా విజయనగరం, హంపి విజయనగరం ఒకటేనా?

కాదు. హంపి రాజ్యం 1336లో మొదలైందని చరిత్ర పుస్తకాల మాట. మన కోటకు శంకుస్థాపన 1713లో, పూసపాటి వారి హయాంలో జరిగింది. విజయ నామ సంవత్సరం, విజయదశమి అంటూ అయిదు ‘విజయాలు’ కలిసొచ్చాయని ఊళ్లో చెప్తారు. అందులో సంవత్సరం లెక్క మాత్రం మీరే సరిచూసుకోవచ్చు: 2013 విజయ నామ సంవత్సరం, అరవయ్యేళ్ల చక్రాలు అయిదు వెనక్కి వెళ్తే సరిగ్గా 1713 వస్తుంది.

బొబ్బిలి వీరులు బ్రిటిష్ వాళ్లతో పోరాడారు, విజయనగరం రాజు దేశద్రోహి. ఔనా, కాదా?

ఈ ఒక్క ప్రశ్న మీద తెగిపోయిన స్నేహాలున్నాయి. ముందు తేదీలు చూద్దాం.

బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24న జరిగింది. కోట మీదికి ఫిరంగులు తెచ్చింది ఫ్రెంచి సేనాని బుస్సీ. ప్లాసీ యుద్ధం అదే ఏడాది జూన్‌లో, అంటే అయిదు నెలల తర్వాత. అప్పటికి ఇక్కడ అధికారం చెలాయిస్తున్నది ఇంగ్లీషు వాళ్లు కాదు, నిజాం నుంచి ఉత్తర సర్కారులు పుచ్చుకున్న ఫ్రెంచివాళ్లు. కాబట్టి ‘బ్రిటిష్’ అన్న మాట దగ్గరే పోస్టు తప్పు.

విజయనగరం పెద్ద విజయరామరాజు బుస్సీకి తోడు నిలిచాడు, బొబ్బిలితో పాత పగలున్నాయి, ఇవి నిజం. కోట నిలవదని తేలాక లోపలివాళ్లు ఆడవాళ్లనూ పిల్లలనూ తామే చంపుకుని చివరిదాకా పోరాడారన్నది నిజం. రెండు మూడు రోజులకే బొబ్బిలి వైపు తాండ్ర పాపారాయుడు విజయరామరాజు గుడారంలోకి దూరి ఆయన్ని పొడిచి చంపాడన్నదీ నిజమే.

ఇదంతా మనకు ఎలా తెలుసు? జంగాలు పాడిన కథ ఒక దారి, రాబర్ట్ ఆర్మ్ రాసిన చరిత్ర రెండోది. ఆర్మ్ మద్రాసులో ఇంగ్లీషు కంపెనీ ఉద్యోగి. ఫ్రెంచివాళ్లు చేసిన పని గురించి ఇంగ్లీషువాడు రాశాడని గుర్తుంచుకుని చదవాలి. ఆయన బొబ్బిలిలో లేడు. ఆ భాగం అచ్చయింది 1778లో. జంగం కథ వీరుణ్ణి నిలబెట్టడానికి పుట్టింది, మరి ఆర్మ్ ఎవరి పక్షమో చెప్పనక్కర్లేదు కదా. అయినా రెండూ కలిసే చోట్లు చాలా ఉన్నాయి. అక్కడ నమ్మొచ్చు. విజయరామరాజు చెల్లెలు పైడిమాంబ అన్నను యుద్ధం వద్దని బతిమాలిందన్న మాట మాత్రం భక్తుల నోటి నుంచి వచ్చింది. సిరిమాను ఉత్సవానికి అది ప్రాణం. దాన్ని సాక్ష్యంగా వాదనలోకి లాగితే అమ్మవారికీ చరిత్రకీ ఇద్దరికీ అన్యాయం.

ఇక దేశద్రోహం సంగతి. ‘దేశం’ అని ఇప్పుడు మనం అనుకునేది 1757లో జమీందార్ల లెక్కలో లేదు. పక్క కోటవాడు శత్రువు, దూరంగా ఉన్నవాడు పనికొచ్చేవాడు. మరుసటి ఏడాదే, విజయరామరాజు తర్వాత గద్దెనెక్కిన ఆనందగజపతి ఫ్రెంచివాళ్ల మీదికి ఇంగ్లీషు వాళ్లను పిలిపించాడు. కల్నల్ ఫోర్డ్ వచ్చి 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర గెలిచాడు. మరి 1794 జులై 10న పద్మనాభం దగ్గర ఏమైంది? పేష్కషు (కంపెనీకి కట్టాల్సిన కప్పం) బకాయిల గొడవలో అదే కంపెనీ సైన్యంతో తలపడి చిన్న విజయరామరాజు, ఆయనతో పాటు ఎందరో ప్రాణాలు వదిలారు. బ్రిటిష్ వాళ్ల మీద కత్తి పట్టి చచ్చిపోయిన రాజు కావాలంటే విజయనగరంలోనే ఉన్నాడు. ఆయన్ని తలుచుకునేవాళ్లు బొబ్బిలిని తలుచుకునేవాళ్లలో పదోవంతు కూడా ఉండరు.

కింద కామెంట్లలో కులం పేర్లు మొదలయ్యాయంటే ఇక చరిత్ర అయిపోయినట్టే, లేచి వచ్చేయండి.

కళింగం ఒడియా వాళ్లదా, తెలుగువాళ్లదా?

శ్రీముఖలింగం వెళ్లండి. తూర్పు గంగుల కళింగనగరం అదేనని ఎక్కువమంది పండితుల మాట. శాసనాలు చదివి ఆ వాదన చేసినవాళ్లలో మన గిడుగు రామమూర్తి పంతులు ఒకరు. వంశధార ఒడ్డున మధుకేశ్వరుడి గుడి చూడగానే ఒడిశా నుంచి వచ్చినవాళ్లు ‘ఇది మా శిల్పం’ అంటారు. శిఖరం తీరు చూస్తే వాళ్లన్నది సబబే. గోడల మీద రాతలు చూసి మనవాళ్లు ‘ఇది మా లిపి’ అంటారు. అదీ సబబే.

శ్రీకూర్మం మండపంలో నల్లరాతి స్తంభాలున్నాయి కదా, వాటి దగ్గర ఓ పావుగంట నిలబడండి. ఎండ పక్క నుంచి పడే వేళ అక్షరాలు తేలిగ్గా కనిపిస్తాయి. కొన్నిచోట్ల సున్నం పేరుకుని గాడులు పూడిపోయాయి, వేలితో తడిమితేనే తెలుస్తాయి. ఎక్కువ భాగం ఒకే రకం సమాచారం: ఫలానా శక సంవత్సరంలో ఫలానా ఆమె అఖండ దీపానికి ఇన్ని మాడలు (అప్పటి నాణేలు) ఇచ్చింది, ఆ దీపం చూసుకునేవాడు ఇతను. రాజుల్లో ఒడిశా వైపు నుంచి ఏలినవాళ్లున్నారు, దీపం పెట్టించినవాళ్లు తెలుగులో రాయించుకున్నారు. ఆ రోజుల్లో ఎవరికీ ఇబ్బంది లేదు.

గీత పడింది 1936 ఏప్రిల్ 1న, ఒరిస్సా ఏర్పడినప్పుడు. పర్లాకిమిడి పట్నం అటు పోయింది. దశాబ్దాలు అక్కడ పాఠాలు చెప్పిన గిడుగు ఆ బాధతో ఊరే వదిలి రాజమండ్రి చేరారు. ఈ వాదనలో అసలు మంట అక్కడిది. పదకొండో శతాబ్దపు గంగరాజు చోడగంగుడిని మధ్యలోకి లాగడం అనవసరం.

ఇంకొకటి. కళింగం ఎవరిదని తెలుగూ ఒడియా కొట్టుకుంటుంటే సీతంపేట కొండల మీది సవరలు ఏమనుకోవాలి? సవర భాష ఇటు ద్రావిడమూ కాదు, అటు ఆర్యభాషా కాదు, ముండా కుటుంబానికి చెందింది. ఈ రెండు భాషల కంటే ముందు నుంచీ ఇక్కడుందని చెప్పడానికి మంచి కారణాలున్నాయి. గిడుగు ఆ భాష నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఆయన పేరు మీద ఏటా ఆగస్టు 29న తెలుగు పండగ చేసేవాళ్లలో సవర మాట ఒక్కటైనా తెలిసినవాళ్లు ఎందరో అడిగి చూడండి.

అశోకుడి కళింగ యుద్ధం దంతపురి దగ్గరే జరిగిందట?

అలా చెప్పే శాసనం ఏదీ లేదు. యుద్ధం గురించి అశోకుడు చెప్పుకున్నది పదమూడో శిలాశాసనంలో: లక్ష మంది చచ్చారు, లక్షన్నర మందిని తరలించారు. యుద్ధరంగం పేరు అందులో లేదు. ఒడిశావాళ్లు దయా నది ఎర్రబారిందంటారు, మనవాళ్లు దంతపురి అని చెప్పుకునే సరుబుజ్జిలి దగ్గరి దంతవరపుకోట అంటారు. తూకం వేస్తే ఇద్దరి దగ్గరా ఉన్నది ఒకటే, ఊరి మీద ప్రేమ.

నాకు ముచ్చటేసేది వేరే ఉంది. కళింగంలో చెక్కించిన ధౌళి, జౌగడ శిలల మీద ఆ పదమూడో శాసనం లేదు. పదకొండు, పన్నెండు కూడా వదిలేసి, వాటి బదులు అధికారులకు ‘ప్రజలందరూ నా బిడ్డలు’ అని చెప్పే వేరే శాసనాలు పెట్టారు. దెబ్బ తిన్నవాళ్ల ఊళ్లో ఆ దెబ్బ లెక్క చెప్పకూడదన్న తెలివి రెండు వేల ఏళ్ల కిందటే ఉందన్నమాట.

అరసవల్లిలో కిరణాలు స్వామి పాదాలను తాకడాన్ని సైన్సు వివరించలేదట, నిజమేనా?

వివరించగలదు, అదీ చాలా తేలిగ్గా. అందువల్ల కట్టినవాళ్ల గొప్పతనం తగ్గదు, పెరుగుతుంది.

మార్చి 9, 10 తేదీల్లో, అక్టోబరు 1, 2 తేదీల్లో తెల్లవారుతూనే వెలుగు రాజగోపురం దాటి, అనివెట్టి మండపం మీదుగా గర్భగుడి దాకా వస్తుంది. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ ఉండొచ్చు, మబ్బుంటే అసలు ఉండదు. ఈ తేదీలే ఎందుకు? సూర్యుడు సరిగ్గా తూర్పున పొడిచేది మార్చి 20 ప్రాంతంలో, సెప్టెంబరు 22 ప్రాంతంలో. మొదటిదానికి పది రోజుల ముందు, రెండోదానికి పది రోజుల తర్వాత సూర్యుడు తూర్పుకు నాలుగు డిగ్రీలు దక్షిణంగా దాదాపు ఒకే చోట పొడుస్తాడు. డిసెంబరు 21 నుంచి లెక్కేసినా అటు ఎనభై రోజులు, ఇటు డెబ్బై తొమ్మిది. గుడి వాకిళ్లు ఆ దిక్కుకు సూటిగా ఉన్నాయి, కాబట్టి ఏడాదికి రెండుసార్లు.

రెండు మూడు రోజులే ఎందుకంటే, ఆ కాలంలో సూర్యుడు పొడిచే చోటు రోజుకు 0.4 డిగ్రీ చొప్పున జరుగుతుంది. సూర్యబింబం వెడల్పే అర డిగ్రీ. రెండు రోజులు దాటితే వెలుగు వాకిలి పక్క గోడకు కొడుతుంది.

ఇక్కడ భక్తులూ హేతువాదులూ ఇద్దరూ పప్పులో కాలేసే చోటు ఒకటుంది. ‘ఉత్తరాయణం నుంచి దక్షిణాయనానికి మారే వేళ కిరణాలు పడతాయి’ అని కొన్ని కరపత్రాల్లో కూడా అచ్చేశారు. అయనం మారేది జూన్‌లో, డిసెంబరులో. అప్పుడు సూర్యుడు పొడిచే చోటు రోజుల తరబడి కదలనట్టే ఉంటుంది. గుడి ఆ దిక్కుకు కట్టి ఉంటే కిరణాలు వారాల పాటు పడేవి, చూడటానికి తొక్కిసలాటే ఉండేది కాదు. ‘యాదృచ్ఛికం’ అని కొట్టిపారేసే హేతువాదికి ఒక మాట: ఇన్ని వాకిళ్లు ఒకే గీత మీదికి వాటంతటవే రావు.

తేలినీలాపురం సైబీరియా పక్షుల గురించి చెప్పండి.

తేలినీలాపురంలో గూళ్లు కట్టేవి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. అవి సైబీరియావి కావు. ఈ గూడబాతు, ఆ కొంగ దక్షిణాసియాలోనే పుట్టి, పెరిగి, పిల్లల్ని పెడతాయి. నీరూ చేపా చూసుకుని ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి పోతాయి తప్ప హిమాలయాలు దాటి రావు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వానలతో వచ్చే నత్తగుల్ల కొంగల సంగతీ అంతే.

మామూలు తర్కం చాలు. సైబీరియా నుంచి నిజంగా వచ్చే పక్షులు చలికాలం గడపడానికి వస్తాయి, పిల్లల్ని తిరిగి వెళ్లాక అక్కడే పెడతాయి. ఇక్కడ చింతచెట్ల మీద గుడ్లు పొదుగుతున్నాయంటే ఇదే వాటి పుట్టిల్లు. పురుటికొచ్చిన ఆడపడుచులని ఊరివాళ్లు వాటిని చూసుకునే తీరే సరైనది. బోర్డుల మీద సైబీరియా అని ఎవరు మొదట రాశారో గానీ, ఇప్పుడు చెరపడం మన వల్ల కావడం లేదు.

సంతబొమ్మాళిలో బంగారు రథం కొట్టుకొచ్చిందన్నారు, అదేమైంది?

2022 మే నెలలో అసని తుపాను సమయంలో సున్నాపల్లి తీరానికి వచ్చింది. బంగారం కాదు, బంగారు రంగు. మయన్మార్ వైపు బౌద్ధ మందిరాల ఆకారంలో ఉంది, బంగాళాఖాతం అవతలి నుంచి గాలికి తేలుతూ వచ్చిందని అధికారులు భావించారు. ఫోన్లలో మాత్రం వారం పాటు తులాల్లో లెక్కలు నడిచాయి.

ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం తెలిసినా దాస్తున్నారని అంటున్నారు.

ఇది సరదాగా వాదించుకునే విషయం కాదు కాబట్టి కాస్త నెమ్మదిగా.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ఈ మండలాల్లో షుగరు, బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు దెబ్బతింటున్నాయి. నొప్పి ఉండదు, వాపు ఆలస్యంగా వస్తుంది. క్రియాటినిన్ పరీక్ష చేయించుకునేసరికి సగం దారి దాటి ఉంటారు. నీళ్లలోని సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో పని చేస్తూ నీళ్లు తాగకపోవడం, వంశపారంపర్యం, విచ్చలవిడిగా వాడే నొప్పి మాత్రలు: అన్నిటి మీదా పరిశోధనలు జరిగాయి. ఒక్కటే కారణమని ఏదీ తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకు, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు కోసే కూలీలకు ఇలాంటి జబ్బే ఉంది. అక్కడా ఇదే పరిస్థితి. మూడు చోట్లా ఎండలో ఒళ్లొంచేవాళ్లే ఎక్కువ పడిపోతున్నారన్నది గమనించాలి.

‘దాస్తున్నారు’ అనడం తేలిక. రెండు ఖండాల్లో, వేర్వేరు ప్రభుత్వాల కింద, ఒకరికొకరు తెలియని డాక్టర్లు కలిసి దాచడం కష్టం. నిర్లక్ష్యం జరిగిందంటే ఒప్పుకుంటాను. దశాబ్దాల పాటు డయాలసిస్ కోసం విశాఖ దాకా పోవాల్సి రావడం నిర్లక్ష్యమే. హిరమండలం రిజర్వాయరు నుంచి 700 కోట్లతో మంచినీటి పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో వచ్చాయి. ఏ పార్టీ తెచ్చిందన్న గొడవ ఇక్కడ పెట్టొద్దు. ‘మూడు నెలల్లో క్రియాటినిన్ మాయం’ అని మూలికల వీడియోలు పంపేవాళ్లను మాత్రం మొహమాటం లేకుండా ఆపండి. దెబ్బతిన్న కిడ్నీకి ఏమున్నాయో తెలియని ఆకుపసర్లు పోయడం కంటే ప్రమాదం లేదు.

కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం పెడితే అది బాంబులా పేలుతుందా?

పేలదు. బాంబుకు కావలసిన యురేనియం తొంభై శాతం దాకా శుద్ధి చేసింది, రియాక్టర్లో వాడేది అయిదు శాతం లోపు. ఫుకుషిమాలో పేలింది హైడ్రోజన్ వాయువు. అలాగని ‘అసలు ప్రమాదమే లేదు’ అనేవాళ్లకూ ఫుకుషిమానే జవాబు. రణస్థలం మండలంలో ఒక్కోటి 1208 మెగావాట్ల ఏపీ1000 రియాక్టర్లు ఆరు పెట్టాలన్నది ప్రతిపాదన. గుజరాత్‌లోని మిఠీ విర్దిలో వద్దనుకున్నాక ఇటు మళ్లింది. అడగాల్సినవి వేరే ఉన్నాయి: ఊళ్లు ఖాళీ చేసే మత్స్యకారుడికి ఇల్లిస్తే సరా, సముద్రం ఎంత దూరంలో ఇస్తారు? వేడి నీళ్లు కడలిలోకి వదిలితే వేట సంగతేంటి? ఆ ప్రశ్నలు బాంబు గోలలో మునిగిపోతున్నాయి.

మన యాసలో రాస్తే భాష పాడవుతుందంటారు. ఏటంటారు?

ఏటంటాను! పాలకొండ బస్సులో ఒకమ్మాయి ఫోన్లో వాళ్లమ్మతో ‘వచ్చీసినానే అమ్మా, అప్ప ఎల్లిపోనాదా? బేగి అన్నం పెట్టీ’ అంటోంది. పక్క సీటాయన టైమెంతయిందని అడగ్గానే ‘అయిదున్నర అయిందండీ’ అని గొంతు సవరించుకుంది. ఆ పిల్లకు రెండు భాషలొచ్చు, వాటిలో ఒకదానికి సిగ్గుపడటం కూడా నేర్పారు. సినిమాలో పనిమనిషికి, కమెడియన్‌కి మాత్రమే ఈ యాస ఇచ్చిన పాపం కొంతుంది, బళ్లో నవ్విన మేష్టార్ల వాటా కొంతుంది.

వాడుక భాషలో రాయాలని పోరు మొదలెట్టిందే ఈ నేల మీద. గురజాడ, గిడుగు విజయనగరంలో ఒకే బళ్లో చదువుకున్నారు. కన్యాశుల్కం 1892లో ఆ ఊళ్లోనే ఆడారు. 1910 తర్వాత మద్రాసులో పరీక్షల్లో వాడుక తెలుగుకు చోటిచ్చినట్టే ఇచ్చి, గ్రాంథికమే ఉండాలన్న జయంతి రామయ్య పంతులు వర్గం గట్టిగా పట్టుబట్టడంతో వెనక్కి తీసుకున్నారు. 1914లో గురజాడ తన అసమ్మతిని పత్రంగా రాసిచ్చారు. ఏడాదికే ఆయన పోయారు. గిడుగు 1940లో పోయేదాకా పోట్లాడుతూనే ఉన్నారు. వ్యాకరణం తెలియక కాదు. గ్రాంథికం రాసే పండితుల పుస్తకాల్లోనే తప్పులు ఏరి చూపించినవాడు ఆయన.

ఇంత జరిగిన జిల్లాలో, ఆగస్టు 29న ఆయన బొమ్మ పెట్టి ‘ఆంధ్రభాషా సంరక్షణ అస్మదీయ కర్తవ్యం’ అని రాస్తారు. పంతులుగారు చూస్తే ఆ పోస్టరుకే ఓ వ్యాసం రాసేవారు.

వార్త, దరఖాస్తు, పాఠం అందరికీ అర్థమయ్యే తెలుగులో ఉండాలి, ఒప్పుకుంటాను. కథలో మనిషి మాట్లాడితే మనిషిలా మాట్లాడాలి. మన కథకులు రావిశాస్త్రి, చాసో, కారా (కాళీపట్నం రామారావు) రాసి చూపించేశారు, ఇంక వాదన ఎందుకు?

తెలుగు లిపికి యునెస్కో రెండో స్థానం ఇచ్చిందట. తెలుగు మాట్లాడితే 72 వేల నాడులు కదులుతాయట.

యునెస్కో లిపులకు ర్యాంకులివ్వదు. రెండోదానికి ఏ పరిశోధనా లేదు. ముందుకు పంపకండి.

విజయనగరం మహారాజా భారత క్రికెట్ కెప్టెన్ కదా?

మహారాజా కాదు, మహారాజకుమార్. విజ్జీ అని పిలిచే ఆయన రాజుగారి చిన్న కొడుకు. 1936 ఇంగ్లండ్ పర్యటనలో మూడు టెస్టులకు కెప్టెన్. టెస్టుల్లో ఆయన మొత్తం పరుగులు 33. లాలా అమర్‌నాథ్‌ను పర్యటన మధ్యలో ఇంటికి పంపిందీ ఆ జట్టే. గర్వపడాలంటే 1919లో పెట్టిన సంగీత కళాశాల ఉంది, ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షుడు, ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడే ఫిడేలు నేర్పారు.

ఆధారం చూపించమంటే ఏం చూపించాలి?

శాసనమైతే ముఖలింగం, శ్రీకూర్మం పాఠాలు దక్షిణ భారత శాసనాల అయిదో సంపుటంలో ఉన్నాయి, సింహాచలానివి ఆరోదానిలో. కథలైతే శ్రీకాకుళంలో కారా మాస్టారు 1997లో పెట్టిన కథానిలయం ఉంది, పాత పత్రికల పుటలు అక్కడ దొరుకుతాయి. ఏఐని అడిగితే తప్పు లేదు గానీ, రెండు శ్రీకాకుళాలనూ కలిపేసి చెప్తే పట్టుకోవాల్సింది మీరే. ‘మా తాత చెప్పాడు’ అన్నది ఆధారమే, తాత ఏ ఊరు, ఏ కాలం అన్నది కూడా రాస్తే.